డ్రాక్యులాకి మూడు ఆస్కార్లు ఎందుకొచ్చాయి?

1993 మార్చి 29న జరిగిన ఆస్కార్ వేడుకలో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా తీసిన ‘బ్రామ్ స్టోకర్స్ డ్రాక్యులా’కి మూడు అవార్డులొచ్చాయి. కాస్ట్యూమ్ డిజైన్‌కి ఒకటి, మేకప్‌కి ఒకటి, సౌండ్ ఎఫెక్ట్స్ ఎడిటింగ్‌కి ఒకటి. ఆర్ట్ డైరెక్షన్‌కి నామినేషన్ దాకా వెళ్ళి ఆగిపోయింది. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, స్క్రీన్‌ప్లే విభాగాల్లో ఆ సినిమా పేరే లేదు. ఈ లెక్క చూసి జనం రెండు రకాలుగా తేల్చేస్తుంటారు. "మూడు ఆస్కార్లంటే మాటలా, గొప్ప సినిమానే అయ్యుంటుంది" అనేవాళ్ళు కొందరు. "బట్టలకీ మేకప్‌కీ ఇచ్చారంటే లోపల సరుకు లేదన్నమాట" అనేవాళ్ళు మరికొందరు. రెండు మాటలూ నాకు ఒప్పవు. ఆ సినిమాలో లోపాలు బోలెడు. అయినా బ్రామ్ స్టోకర్ రాసిన ‘డ్రాక్యులా’ నవలని నిజంగా సినిమాగా మార్చినవాళ్ళు అందులో ఉన్నారు. వాళ్ళు స్క్రీన్‌ప్లే రాసినవాళ్ళు కాదు. బట్టలు గీసి కుట్టించినవాళ్ళూ, కెమెరాతో గారడీ చేసినవాళ్ళూ. ఆస్కార్లిచ్చే అకాడమీ వాళ్ళలో కొందరిని పట్టుకుంది, కొందరిని వదిలేసింది.

ముందు లోపాల సంగతి చెప్తాను. మొన్న మా తమ్ముడితో కలిసి ఈ సినిమా మళ్ళీ చూశాను. వాడు చూడటం ఇదే మొదలు. జొనాథన్ హార్కర్ వేషంలో కియాను రీవ్స్ నోరు విప్పిన కాసేపటికే వాడు పాజ్ నొక్కి, "అక్కా, ఈయన లండన్ వాడేనా? పాఠం అప్పజెప్తున్నట్టు మాట్లాడతాడేంటి?" అన్నాడు. నిజమే. విక్టోరియా రాణి కాలపు కుర్ర లాయరు యాస రీవ్స్‌కి పట్టుబడలేదు. ధ్యాసంతా మాట పలకడం మీదే ఉండిపోవడంతో, పరాయి దేశంలో కోటలో చిక్కుకున్నవాడి టెన్షన్ ఆ గొంతులో ఎక్కడా వినపడదు. ఇది చిన్న లోపం అని సర్దుకుపోలేం. నవల మొదటి నాలుగు అధ్యాయాలూ హార్కర్ డైరీయే. తలుపులన్నీ తాళాలు వేసున్నాయని ఆయన ఒక్కొక్కటే తెలుసుకుంటుంటే మనకీ ఊపిరి ఆడదు. ఆ పాత్ర తేలిపోతే కథకి పునాదే కదిలిపోతుంది.

డ్రాక్యులాని వేటాడే డాక్టరు వాన్ హెల్సింగ్‌గా ఆంథనీ హాప్‌కిన్స్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆయన ప్రతి సీనులోనూ కేకలేస్తాడు, గంతులేస్తాడు, ఎదుటివాళ్ళ దుఃఖం పట్టనట్టు నవ్వుతాడు. డ్రాక్యులా కాటుతో పిశాచిగా మారిన లూసీ అనే అమ్మాయి తల తెగిన మరుక్షణం, భోజనాల బల్ల మీద వేయించిన మాంసాన్ని కత్తితో కోస్తున్న షాట్ వస్తుంది. తెలివైన కటింగే. కానీ అంతకు ముందు నిమిషం దాకా ఆ అమ్మాయి కోసం ఏడ్చిన మనుషుల్ని ఆ కట్ పూచికపుల్లల్లా తీసిపారేస్తుంది. నాకది మింగుడుపడదు.

వీటన్నిటికంటే పెద్ద గొడవ టైటిల్‌తో. ‘బ్రామ్ స్టోకర్స్’ అని పేరులోనే పెట్టుకున్నారు. అంటే ఇంతకుముందు వచ్చినవన్నీ ఎలా ఉన్నా ఇది మాత్రం అసలు నవల అని మాటిచ్చారు. కానీ జేమ్స్ వి. హార్ట్ రాసిన స్క్రీన్‌ప్లే 1462లో మొదలవుతుంది. వ్లాద్ యుద్ధం నుంచి తిరిగొచ్చేసరికి, అతను చనిపోయాడన్న అబద్ధపు కబురు నమ్మి భార్య ఎలిజబెతా నదిలో దూకేసి ఉంటుంది. ఆత్మహత్య చేసుకుంది కాబట్టి ఆమెకి ముక్తి లేదని మతగురువు అంటాడు. వ్లాద్ దేవుణ్ణి ధిక్కరించి రక్తపిశాచి అవుతాడు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత, హార్కర్ పెళ్ళాడబోయే మీనా రూపంలో ఆ భార్యే మళ్ళీ కనిపిస్తుంది. ఇందులో ఒక్క ముక్క కూడా 1897లో వచ్చిన నవలలో లేదు. పునర్జన్మ ప్రేమకథలు మనకి కొత్త కాదు, నాకు అవంటే చులకన కూడా లేదు. నా ఫిర్యాదల్లా అది ఈ నవలకి చేసిన నష్టం గురించి.

స్టోకర్ డ్రాక్యులాకి ప్రేమ లేదు, బాధ లేదు. కోట దాటిన తర్వాత అతను పేజీల మీద సరిగా కనిపించనే కనిపించడు. డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపరు కటింగుల మధ్య ఖాళీల్లో ఉంటాడు. ఒకరు చూసిన గబ్బిలం, ఇంకొకరు చూసిన పొగమంచు, లూసీ మెడ మీద రెండు గాట్లు, ఇవన్నీ వేరువేరు మనుషుల కాగితాల్లో పడి ఉంటాయి. ఆ కాగితాలన్నీ ఒక చోటికి చేరితే తప్ప అతనెవరో తెలీదు. వాటిని చేర్చేది మీనా. ఆ అమ్మాయికి షార్ట్‌హ్యాండ్ వచ్చు, టైపింగ్ వచ్చు, రైళ్ళ టైమ్ టేబుళ్ళు కంఠతా వచ్చు. డాక్టర్ సివార్డ్ ఫోనోగ్రాఫ్ మీద రికార్డు చేసుకున్న డైరీని విని టైపు చేసి, తారీఖుల వారీగా అన్నీ పేర్చి, కార్బన్ కాపీలు తీసి అందరి చేతుల్లో పెడుతుంది. చివర్లో డ్రాక్యులా ఏ నది మీదుగా ఇంటికి పారిపోతున్నాడో మ్యాపులు ముందేసుకుని లెక్క తేల్చేది కూడా ఆమే. రక్తపిశాచిని ఓడించింది శిలువ కంటే ముందు ఆ టైపు రైటరు. సినిమాలో వినోనా రైడర్‌కి ఆ పని దాదాపు లేదు. ఆమె ప్రేమలో పడాలి, గుర్తు తెచ్చుకోవాలి, ఏడవాలి. నవలలో అందరికంటే పదునైన బుర్రని తీసుకెళ్ళి ఒక మగాడి పాత జ్ఞాపకంగా మార్చేశారు. టైటిల్లో స్టోకర్ పేరు పెట్టుకుని ఈ పని చెయ్యడం నాకు ఎప్పటికీ కష్టంగానే ఉంటుంది.

హార్ట్‌కి ఇవ్వాల్సింది కూడా ఇవ్వాలి. లూసీని పెళ్ళాడతామని వచ్చే ముగ్గురు మగవాళ్ళనీ ఆయన ఉంచాడు. చాలా డ్రాక్యులా సినిమాలు అమెరికావాడు క్విన్సీ మోరిస్‌ని సుబ్బరంగా లేపేస్తాయి. డైరీలు చదువుతున్న గొంతులు, ఫోనోగ్రాఫ్, టైపు రైటరు, రక్తమార్పిడి కూడా సినిమాలో ఉన్నాయి. అస్థిపంజరం మొత్తం నవలదే. దాని మీద తొడిగిన ప్రేమకథ మాత్రం హార్ట్‌ది.

ఇక బట్టల దగ్గరికి వద్దాం. డ్రాక్యులా అనగానే చిన్నపిల్లలు కూడా నల్లకోటు, ఎర్ర లైనింగు, మెడ వెనక నిటారుగా నిలబడ్డ కాలరు గీస్తారు. ఆ కాలరు నవలలో లేదు. స్టోకర్ పండు ముసలివాడికి నిలువునా నల్లబట్టలు మాత్రమే తొడిగాడు. కాలరు పుట్టింది 1920ల నాటకరంగంలో. హామిల్టన్ డీన్ 1924లో ఈ నవలని ఇంగ్లండులో నాటకంగా వేశాడు. స్టేజీ మీద ఉన్నపళంగా డ్రాక్యులా మాయమైపోవాలి. కింద ట్రాప్ డోర్, అంటే నేలలోకి తెరుచుకునే తలుపు ఉంటుంది. నటుడు ప్రేక్షకులకి వీపు పెట్టి నిలబడితే పెద్ద కాలరు తలని కప్పేస్తుంది, కోటు పట్టుకున్నవాళ్ళ చేతుల్లో మిగిలిపోతుంది, మనిషి కిందికి జారిపోతాడు. అంటే, స్టేజీ ఇబ్బంది ఒకటి తీర్చడానికి కుట్టిన కాలరు ఆ పాత్రకి శాశ్వతంగా అంటుకుపోయింది. 1931లో బెలా లుగోసీ నటించిన హాలీవుడ్ సినిమా నాటకం మీదుగానే తయారైంది కాబట్టి నల్లకోటు తెర మీద స్థిరపడిపోయింది. స్టోకర్ రాసిన ఏ వాక్యానికీ అంత ప్రచారం రాలేదు.

స్టోకరూ నాటకాల మనిషే. లండన్‌లో లైసియం థియేటరు మేనేజరుగా ఏళ్ళ తరబడి పనిచేశాడు. నవల పుస్తకంగా బయటికి రావడానికి కొద్దిరోజుల ముందు, 1897 మే 18న, నాటక హక్కులు చేజారకుండా అదే థియేటర్లో స్టేజీ మీద చదివించాడు. ఈ కథకి మొదటి అనుసరణ చేసింది కూడా రచయితేనన్నమాట. అందుకే ఈ కథని బట్టలతోనూ తెరలతోనూ ఆలోచించడం తప్పు కాదనుకుంటాను.

కొప్పోలా ఆ నల్లకోటు వద్దన్నాడు. సెట్ల మీద పోసే డబ్బు తగ్గించి, బట్టలే సెట్టు అవ్వాలనే లెక్కతో ఎయికో ఇషియోకాని పిలిచాడు. ఆమె హాలీవుడ్ కాస్ట్యూమ్ డిజైనర్ కాదు. టోక్యోలో పుట్టి, అడ్వర్టైజింగ్‌లో పోస్టర్లతో పేరు తెచ్చుకున్న గ్రాఫిక్ డిజైనర్. ‘అపోకలిప్స్ నౌ’కి జపాన్‌లో వేసిన పోస్టరు ఆమెదే, కొప్పోలాకి ఆమె పనితనం అలా తెలిసింది. రక్తపిశాచి సినిమాల సంప్రదాయం ఆమె నెత్తిన లేదు. అది ఈ సినిమాకి దక్కిన అదృష్టం.

వ్లాద్ యుద్ధానికి వేసుకెళ్ళే ఎర్ర కవచాన్ని దగ్గరగా చూడండి. అది ఇనుములా ఉండదు. చర్మం ఒలిచేసిన మనిషి ఒంటి మీద కండరాల పోగులు బయటపడ్డట్టు ఉంటుంది. అతనింకా మనిషే, కానీ లోపలున్నది అప్పటికే బయటికొచ్చేసింది. ఆ తర్వాత కోటలో ముసలి డ్రాక్యులా వేసుకున్న ఎర్ర అంగీ. దాని కుచ్చెళ్ళు గజాల కొద్దీ నేల మీద ఈడ్చుకుంటూ వస్తాయి. అతను గదిలోంచి వెళ్ళిపోయిన తర్వాత కూడా గుడ్డ ఇంకా వెళ్తూనే ఉంటుంది. ఆ ముసలాయన గదిలో లేడని హార్కర్ ఎప్పటికీ ధైర్యంగా అనుకోలేడు. రీవ్స్ మొహం చెయ్యాల్సిన పనిని ఆ గుడ్డ చేసింది.

అసలు దెబ్బ లూసీ పెళ్ళిబట్టల దగ్గర కొట్టింది ఇషియోకా. పెళ్ళికి కుట్టించిన తెల్ల గౌనుతోనే లూసీని సమాధి చేస్తారు. గొంతు చుట్టూ లేసు మడతలు మడతలుగా పెద్ద చక్రంలా నిలబడి ఉంటాయి. ఆస్ట్రేలియాలో మెడ చుట్టూ తోలు విప్పి బెదిరించే బల్లి ఒకటుంది. ఆ కాలరుకి నమూనా అదే. రాత్రి పూట పసిబిడ్డని ఎత్తుకుని సమాధిలోకి లూసీ దిగి వస్తున్నప్పుడు, ముందు పెళ్ళికూతురు కనిపిస్తుంది, తర్వాత బల్లి కనిపిస్తుంది. ఇప్పుడు నవల మూడో అధ్యాయం గుర్తు చేసుకోండి. హార్కర్ కిటికీలోంచి తొంగి చూస్తే డ్రాక్యులా కోటగోడ మీద తలకిందులుగా బల్లిలా పాకుతూ దిగుతుంటాడు. నవలలో మొదటిసారి మన వెన్ను జివ్వుమనేది అక్కడే. ఆ బల్లి కాటేసిన ఆడపిల్ల మెడలోకి అదే బల్లి వచ్చి చేరింది. డైలాగు లేదు, వివరణ లేదు. నవలని ఇంత లోతుగా చదివిన చోటు స్క్రీన్‌ప్లేలో నాకు కనపడలేదు. నా దృష్టిలో అనుసరణ అంటే ఇదే. పుస్తకంలో ఉన్న ముక్కని తీసుకుని, పుస్తకం చెయ్యలేని చోట పెట్టడం.

రెండోది కెమెరా. 1992కి హాలీవుడ్ కంప్యూటర్ గ్రాఫిక్స్ మోజులో పడిపోయింది. అంతకుముందు ఏడాదే ‘టెర్మినేటర్ 2’ వచ్చింది, తర్వాతి ఏడాది ‘జురాసిక్ పార్క్’ రాబోతోంది. ఇవన్నీ కంప్యూటర్లో చేద్దామన్న ఎఫెక్ట్స్ వాళ్ళని కొప్పోలా పంపించేసి, ఇరవైల్లో ఉన్న తన కొడుకు రోమన్ కొప్పోలాకి ఆ పని అప్పగించాడు. నవల వచ్చిన కాలంలోనే సినిమా కూడా పుట్టింది కాబట్టి, ఆ కాలపు పనిముట్లతోనే మాయ చెయ్యాలన్నది వాళ్ళ పంతం. డబుల్ ఎక్స్‌పోజర్, అద్దాలు, మినియేచర్లు, రివర్సులో తిప్పిన ఫిల్ము. మార్కస్ బార్ట్‌లే ‘మాయాబజార్’లో లడ్డూల్ని ఎస్వీ రంగారావు నోట్లోకి ఎగిరేలా చేసిన విద్య ఎలాంటిదో మనకి తెలుసు కాబట్టి, తెలుగువాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

హార్కర్ రైల్లో ట్రాన్సిల్వేనియా వెళ్ళే షాట్ ఉంది. తెర అడుగున డైరీ పేజీ, దాని మీద చేతిరాత. పేజీ పై అంచున రైలు పొగ వదులుతూ వెళ్తుంది. దాని పొగనీడ అక్షరాల మీద పడుతుంది. రెండు బొమ్మలు తర్వాత అతికించినవి కావు. చాలా పెద్ద సైజులో డైరీ ఒకటి తయారు చేసి, దాని వెనక బుల్లి రైలు నడిపించి ఒకే కెమెరాతో తీశారు. నవలంతా కాగితాల మీద నడుస్తుంది కదా, ఆ మాటని ఈ ఒక్క షాట్ చెప్పేసింది. అలాగే కోటలో డ్రాక్యులా నీడ. ముసలాయన బల్ల దగ్గర నిలబడి మర్యాదగా మాట్లాడుతుంటాడు, వెనక గోడ మీద నీడ మాత్రం తన ఇష్టం వచ్చినట్టు కదులుతుంది. మీనా ఫోటో బయటపడగానే నీడ చెయ్యి చాచుతుంది, సిరా ఒలుకుతుంది. ఆ తర్వాత నీడ రెండు చేతులూ హార్కర్ గొంతు వైపు వెళ్తాయి. పెద్దమనిషి తరహా పైకి, ఆకలి లోపల. స్టోకర్ పేజీల కొద్దీ రాసింది గోడ మీద కనిపిస్తుంది.

లండన్‌లో పడుచువాడుగా మారిన డ్రాక్యులా వీధిలో నడిచే సీను చేత్తో తిప్పే పాతకాలపు కెమెరాతో (ఫ్రెంచి కంపెనీ ‘పాతే’ తయారుచేసినది) తీసింది. బొమ్మ అదురుతుంది, మనుషులు కాస్త వేగంగా కదులుతారు. ఆ వెంటనే అతను మీనాని సినిమా చూపించే హాలుకి తీసుకెళ్తాడు. నవలలో సినిమా ఊసు లేదు. కానీ ఫోనోగ్రాఫ్, టైపు రైటరు, కొడాక్ కెమెరా లాంటి సరికొత్త యంత్రాల మీద ఆ నవలకి ఉన్న మోజు చూస్తే, ఈ కల్పన స్టోకర్‌కి ద్రోహం కాదు, ఆయన దారిలో ఇంకో అడుగు. చావని మనిషి, చనిపోయినవాళ్ళని కూడా కదిలించి చూపించే యంత్రం ముందు నిలబడ్డాడు. పునర్జన్మ ప్రేమకథ కూడా కల్పనే, ఇదీ కల్పనే. నవల ఇష్టపడే కల్పన ఏదో, నవల ఒప్పుకోని కల్పన ఏదో ఇక్కడ తేడా తెలుస్తుంది.

ఇప్పుడు అవార్డులు చూద్దాం. ఆ ఏడాది విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో ఈ సినిమాకి నామినేషన్ కూడా రాలేదు. ‘ఏలియన్ 3’, ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’, ‘డెత్ బికమ్స్ హర్’ పోటీ పడితే మూడోది గెలిచింది. మెడ వెనక్కి తిరిగిపోయిన మనిషిని కంప్యూటర్ సాయంతో చూపించిన సినిమా అది, దాని పనితనాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఎఫెక్ట్స్ అంటే ఇంతకుముందు చూడని యంత్రం అని అకాడమీ అనుకున్నట్టుంది. పాత యంత్రంతో కొత్త అర్థం తీసినవాళ్ళకి ఆ విభాగంలో చోటు లేకపోయింది.

అడాప్టెడ్ స్క్రీన్‌ప్లే అవార్డు ఆ ఏడాది ‘హోవర్డ్స్ ఎండ్’కి రూత్ ప్రావర్ ఝాబ్వాలా తీసుకున్నారు. చాలా ఏళ్ళు ఢిల్లీలో ఉండి రాసిన మనిషి ఆమె. ఆర్ట్ డైరెక్షన్‌లో డ్రాక్యులాని ఓడించింది కూడా ఆ సినిమాయే. విచిత్రమేంటంటే ఆంథనీ హాప్‌కిన్స్ రెండిటిలోనూ ఉన్నాడు. ‘హోవర్డ్స్ ఎండ్’లో గొంతు పెంచకుండా, కళ్ళు దించుకుని, తప్పు చేసిన పెద్దమనిషిని ఎంత నిక్కచ్చిగా పట్టుకున్నాడో చూస్తే, డ్రాక్యులాలో ఆ కేకలు ఆయన చేతకానితనం కాదని అర్థమవుతుంది. ఝాబ్వాలాకి ఆ అవార్డు రావడం న్యాయమే. నా అభ్యంతరం విభాగం మీద. నవలని సినిమాగా మార్చడం అంటే సంభాషణలూ సీన్ల వరసా మాత్రమే అన్నట్టు ఆ అవార్డు ఉంటుంది. లూసీ కాలరుని అనుసరణగా గుర్తించే చోటు అక్కడ లేదు. కాస్ట్యూమ్ అవార్డులో దానికి చోటు దొరికింది, అదీ ‘హోవర్డ్స్ ఎండ్’, ‘మాల్కమ్ ఎక్స్’ లాంటి గట్టి సినిమాల మీద గెలిచి.

డ్రాక్యులాగా నటించిన గ్యారీ ఓల్డ్‌మన్ సంగతి నాకు ఇంకా బాధ కలిగిస్తుంది. ముసలివాడు, పడుచువాడు, తోడేలు, గబ్బిలం, ఇన్ని రూపాల్లోనూ ఒకే మనిషిని కనిపించేలా చేశాడు. మేకప్ ముసుగు కింద నుంచి కూడా కళ్ళతో నటించాడు. అంత బరువైన ప్రేమకథని నేను కాస్తయినా నమ్మానంటే ఆయన గొంతు వల్లే. మేకప్ చేసిన గ్రెగ్ కానమ్, మిషెల్ బర్క్, మాథ్యూ మంగుల్‌కి ఆస్కార్ వచ్చింది. ఆ మేకప్ లోపలున్న మనిషికి నామినేషన్ కూడా రాలేదు. అదే ఓల్డ్‌మన్ మళ్ళీ మొహం నిండా మేకప్ వేసుకుని చర్చిల్‌గా నటిస్తే, 2018లో మేకప్‌కీ నటనకీ రెండిటికీ ఆస్కార్లొచ్చాయి. చరిత్రలో ఉన్న ప్రధానమంత్రి మొహం తగిలించుకుంటే నటన, కథలో పిశాచి మొహం తగిలించుకుంటే వేషం. ఈ తేడా ఎందుకో నాకు ఎవరూ నచ్చజెప్పలేకపోయారు. డ్రాక్యులా ఏడాది ఉత్తమ నటుడు అల్ పచినో, అంతకుముందు ఆరుసార్లు నామినేటై గెలవని బాకీ తీర్చినట్టు ఇచ్చారని నాకనిపిస్తుంది. ‘మాల్కమ్ ఎక్స్’లో డెంజెల్ వాషింగ్టన్ నటన పక్కన అది నిలవదు.

మేకప్‌కి ఆస్కార్ ఏటా ఇవ్వడం మొదలైందే ఇలాంటి సినిమాల పుణ్యాన. అంతకుముందు అప్పుడప్పుడు ప్రత్యేక పురస్కారం ఇచ్చేవాళ్ళంతే. ‘ది ఎలిఫెంట్ మ్యాన్’ మేకప్‌కి గుర్తింపు దక్కలేదని పరిశ్రమలో గొడవ జరిగాక విభాగం పెట్టారు. 1981 సినిమాలకి మొదటి అవార్డు తీసుకున్నది ‘యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్’కి రిక్ బేకర్. ఫ్రాంకెన్‌స్టైన్ భూతానికి మొహం కనిపెట్టిన జాక్ పియర్స్‌కి 1931లో ఇవ్వడానికి అసలు విభాగమే లేదు. భయపెట్టే సినిమాల్ని చిన్నచూపు చూసిన సంస్థే, వాటి పనివాళ్ళ కోసం తలుపు తెరవక తప్పలేదు.

మనదాకా వస్తే, 2023లో ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చినప్పుడు "ట్రిపులార్‌కి ఆస్కార్" అని అన్ని ఊళ్ళూ మోగిపోయాయి. నాకూ ఆ పొద్దున ఒళ్ళు పులకరించింది. కానీ ఆ అవార్డు పాటకి. స్టేజీ ఎక్కినవాళ్ళు ఎం.ఎం. కీరవాణి, చంద్రబోస్. తెలుగు పదాన్ని దరువు మీద అలా నిలబెట్టిన ఇద్దరి పనికి వచ్చిన గౌరవం అది. ఆ ఆనందంలో చంద్రబోస్ పేరు చాలా చోట్ల హీరోల పేర్ల కింద పడిపోయింది. మన దేశానికి వచ్చిన మొదటి ఆస్కార్ కూడా ఇలాంటిదే. ‘గాంధీ’ సినిమా బట్టలకి భాను అథయ్యా 1983లో జాన్ మోలోతో కలిసి అందుకున్నారు. ఆ సినిమా అనగానే బెన్ కింగ్స్‌లీ పేరు చెప్పేవాళ్ళలో ఎంతమంది ఆమె పేరు చెప్తారు?

అవార్డుల గురించి నా వాదన ఇదే. ఉత్తమ చిత్రం అనే అవార్డు మీద నాకు నమ్మకం తక్కువ. వందల మంది చేసిన పనిని ఒక్క ముద్దగా చేసి, ఇంకో ముద్ద కంటే ఇది మేలు అని తేల్చడం జరిగే పని కాదు. విభాగాల అవార్డులు మాత్రం ఒక మనిషి చేతిపనిని చూసి మాట్లాడతాయి. సినిమా తడబడినా, అందులో ఒకరు తడబడలేదని చెప్పగలుగుతాయి. కానీ వేడుక నడిపేవాళ్ళు వీటినే బరువుగా చూస్తున్నారు. 2022 ఆస్కార్ వేడుకలో ఎనిమిది విభాగాల్ని లైవ్ మొదలవ్వక ముందే ఇచ్చేసి, తర్వాత ముక్కలు కత్తిరించి చూపించారు. మేకప్, ఎడిటింగ్, సంగీతం, సౌండ్, ప్రొడక్షన్ డిజైన్ అన్నీ అందులో ఉన్నాయి. పరిశ్రమలో పెద్దపెద్దవాళ్ళు మొత్తుకున్నాక మరుసటి ఏడాది మళ్ళీ స్టేజీ మీదికి తెచ్చారు. డ్రాక్యులాకి టామ్ మెకార్తీ, డేవిడ్ స్టోన్ అందుకున్న సౌండ్ ఎఫెక్ట్స్ ఎడిటింగ్ అవార్డు ఇప్పుడు విడిగా లేదు. సౌండ్ మిక్సింగ్‌తో కలిపేసి ఒకటే చేశారు. కోటలో ఆ గుసగుసలూ, తోడేళ్ళ అరుపుల కింద వినపడే ఊపిరీ సృష్టించినవాళ్ళు ఈరోజు యుద్ధం సినిమాల, పాటల సినిమాల మిక్సింగ్‌తో పోటీ పడాలి.

ఇషియోకా ఆ తర్వాత జలంధర్‌లో పుట్టిన దర్శకుడు తర్సేమ్ సింగ్‌తో నాలుగు సినిమాలు చేశారు. చివరిది 2012లో వచ్చిన ‘మిర్రర్ మిర్రర్’. అది విడుదలవ్వక ముందే ఆ జనవరిలో ఆమె చనిపోయారు. స్నోవైట్ కథ మీద తీసిన ఆ సినిమా చప్పగా ఉంటుంది, హాస్యం పండదు, నేను రెండోసారి మొత్తం చూడలేకపోయాను. అయినా కాస్ట్యూమ్ డిజైన్‌కి ఆమెని నామినేట్ చేశారు. అవార్డు ‘అనా కరేనినా’కి వెళ్ళింది. జూలియా రాబర్ట్స్ గౌన్లు ఒక్కొక్కటీ ఆపి చూస్తే, ఆ నామినేషన్ వేసినవాళ్ళు సినిమా ఎలా ఉందన్నది పక్కన పెట్టి పని మాత్రమే చూశారని తెలుస్తుంది. 1993లో ఓల్డ్‌మన్‌కీ, రోమన్ కొప్పోలాకీ అంతమాత్రం చూపు దక్కి ఉండాల్సింది.